ఇల్లు కాలిపోయింది, గట్లు మిగిలాయి: మిడిల్టన్ ప్లేస్ తోటను ఎలా చూడాలి?

మిడిల్టన్ ప్లేస్‌కి వెళ్లిన వాళ్లు కాసేపు తిరిగాక అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంత తోట వేసుకున్న దొర బంగళా ఏది? పచ్చిక మెట్లు మెట్లుగా నదివైపు దిగుతుంది, కింద రెండు చెరువులు సీతాకోకచిలుక రెక్కల్లా విచ్చుకుని ఉంటాయి, మధ్యలో గీత గీసినట్టు దారి. వెనక్కి తిరిగి చూస్తే మాత్రం, బంగళా ఉండాల్సిన చోట ఓ ఇటుకల గుట్ట. పక్కన మాత్రం ఒక ఇల్లు నిలబడి ఉంది. అది అసలు బంగళాకి అనుబంధంగా కట్టిన అతిథి గృహం.

అమెరికాలో సౌత్ కరోలైనా రాష్ట్రం చార్ల్స్‌టన్ ఊరికి ఉత్తర పడమరగా, యాష్లీ నది ఒడ్డున ఉందీ ఎస్టేట్. షార్లెట్, అట్లాంటా, రాలీలో ఉండే తెలుగు వాళ్లకి లాంగ్ వీకెండ్ వస్తే చార్ల్స్‌టన్ బీచ్ తెలిసిన దారే. ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు 'ప్లాంటేషన్ కూడా చూపిద్దాం' అనుకుంటారు. నేనూ అలాగే మా బాబాయిని తీసుకెళ్లాను. ఆయనది గోదావరి జిల్లా, వరి తప్ప వేరే పంట ఎరగడు. పైన నిలబడి చెరువుల్ని, వాటి చుట్టూ మలిచిన గట్లని కాసేపు చూసి, "ఇది తోటమాలి పని కాదురా నాన్నా, మట్టిపని తెలిసినోళ్ల పని" అన్నాడు. ఆ ముక్క పట్టుకుని చూస్తే ఈ తోట చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

ముందు మాట దగ్గరే ఒక తికమక ఉంది. ప్లాంటేషన్ అనగానే మనకి తోటలు గుర్తొస్తాయి: కొబ్బరి తోట, జీడిమామిడి తోట, కాఫీ తోట. స్కూలు పుస్తకాల్లో కూడా 'తోట పంటలు' అనే చదువుకున్నాం. అమెరికా దక్షిణాదిలో ఆ మాటకి అర్థం వేరు. బానిసల చాకిరీతో అమ్మకానికి ఒకే పంటని పెద్ద ఎత్తున పండించే ఎస్టేట్‌ని అలా అంటారు. ఆ పంట ఈ ప్రాంతంలో వరి, ఇంకోచోట పత్తి, మరోచోట పొగాకు. మనం టికెట్ కొని తిరిగే అందమైన తోట ఆ ఎస్టేట్‌లో ఒక మూల మాత్రమే. దాని ఖర్చంతా పొలం భరించింది. అందుకే 'ప్లాంటేషన్ గార్డెన్స్' అని బోర్డు మీద చదివినప్పుడు అవి రెండు వేరు వేరు సంగతులని గుర్తుపెట్టుకోవాలి.

ఈ భూమి 1741లో మేరీ విలియమ్స్‌ని పెళ్లాడిన హెన్రీ మిడిల్టన్‌కి కట్నం కింద వచ్చింది. తోట పని మొదలైందీ ఆ ఏడాదే అని చెబుతారు. ఈ హెన్రీ 1774లో మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్‌కి, అంటే అమెరికాలోని బ్రిటిష్ వలసల ప్రతినిధుల సభకి, కొన్నాళ్లు అధ్యక్షుడు. కొడుకు ఆర్థర్ 1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు. మనవడు ఇంకో హెన్రీ, రాష్ట్ర గవర్నర్‌గా, రష్యాలో అమెరికా రాయబారిగా పనిచేశాడు. ముని మనవడు విలియమ్స్, 1860లో సౌత్ కరోలైనా అమెరికా నుంచి విడిపోతుందన్న తీర్మానం మీద సంతకం పెట్టాడు. దేశం పుట్టుకకి ఒక సంతకం, దేశం చీలికకి ఒక సంతకం, రెండూ ఒకే ఇంట్లోంచి.

మొదటి హెన్రీ బాగా ఉన్న రోజుల్లో అతని చేతిలో 20 దాకా ప్లాంటేషన్లు, సుమారు 50,000 ఎకరాలు, 800 మంది బానిసలు ఉండేవారు. అంటే మిడిల్టన్ ప్లేస్ దొర కాపురముండే చోటు. డబ్బు పండిన పొలాల్లో ఎక్కువ భాగం దూరంగా, ముఖ్యంగా దక్షిణాన కాంబహీ లాంటి నదుల వెంబడి ఉన్నాయి. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది దివాణం, అవి ఊళ్లు. పోలిక అక్కడితో ఆపేయాలి. జమీందారు రైతుని ఎంత పీడించినా, రైతునీ వాడి పిల్లల్నీ సంతలో అమ్ముకునే కాగితం అతని దగ్గర ఉండేది కాదు. ఇక్కడ ఉండేది.

తోట గీసిన తీరు ఫ్రెంచి తరహా. వెర్సాయ్ తోటలకి రూపమిచ్చిన ఆంద్రే ల నోత్ర్ పద్ధతి ఇదే: ఒక నడి గీత, దానికి అటూ ఇటూ సరితూకం, నీళ్లని అద్దంలా వాడుకోవడం. మిడిల్టన్‌లో ఆ గీత గేటు దగ్గర మొదలై, బంగళా మధ్యలోంచి, పచ్చిక మెట్ల మీదుగా, రెండు చెరువుల నడుమ నుంచి నది దాకా పోతుంది. ఆ రోజుల్లో నది కూడా రాకపోకల దారే కాబట్టి పడవలో వచ్చే చుట్టాలకి కింది నుంచి పైకి మెట్లూ, కొసన బంగళా కనబడేవి. మనం కారులో వస్తాం కాబట్టి వెనక గుమ్మంలోంచి దూరినట్టే. ఒక్కసారైనా కిందకి దిగి, నది ఒడ్డున నిలబడి పైకి చూడండి. బంగళా లేకపోయినా అది ఎక్కడ ఉండేదో నేల చెబుతుంది.

అదే రోడ్డు మీద కాస్త ముందు మాగ్నోలియా అనే ఇంకో ఎస్టేట్ ఉంది, డ్రేటన్ కుటుంబానిది. అక్కడికి వెళ్లినవాళ్లు 'అమెరికాలో అతి పాత తోట ఇదే' అని విని వస్తారు, మిడిల్టన్‌కి వెళ్లినవాళ్లు కూడా అదే మాట విని వస్తారు. ఎవరు అబద్ధమాడుతున్నారు? ఎవరూ కాదు, 'పాత' అనే మాటని చెరో రకంగా కొలుస్తున్నారు. డ్రేటన్లు అక్కడ స్థిరపడింది 1676లో. జనానికి తోట తలుపులు తెరిచింది 1870లో, బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాది కొట్టుకున్న అంతర్యుద్ధంలో చితికిపోయి డబ్బుకి ఇబ్బందిపడుతున్న రోజుల్లో. మిడిల్టన్ గొప్ప ఏమిటంటే గీత గీసి, లెక్కవేసి మలిచిన తోటల్లో దేశంలో ఇంకా నిలిచి ఉన్న అతి పాతది తనదేనని. మాగ్నోలియాది పూర్తిగా వేరే తరహా: వంకర దారులు, నల్లటి నీళ్ల మీద తెల్లటి వంతెనలు, మనిషి చెయ్యి పడనట్టు కనబడాలని మనిషే కష్టపడి చేసిన అడవి. ఫొటోలకి అదే బాగుంటుంది, ఒప్పుకుంటాను. ఒక్క తోటకే టైముంటే మాత్రం నేను మిడిల్టన్ చూడమంటాను. మాగ్నోలియాలో పువ్వులు రాలిపోతే సగం అందం పోతుంది. మిడిల్టన్‌లో ఒక్క పువ్వు లేకపోయినా నేల కనబడుతుంది.

ఆ నేల సంగతికొద్దాం. వంద మంది బానిసలు పదేళ్లు పనిచేస్తే ఈ మెట్లు, చెరువులు తయారయ్యాయని తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. ఆ లెక్క సరిగ్గా అంతేనా అన్నది పక్కనపెట్టి, పని ఏమిటో చూడండి. ఏటవాలు ఒడ్డుని కోసి, సమానమైన మెట్లుగా సర్దాలి. వానకి కోసుకుపోకుండా గట్టి చెయ్యాలి. చెరువు రెండు రెక్కలు అచ్చుగుద్దినట్టు ఉండాలి, రెంటిలోనూ నీటిమట్టం ఒక్కటే ఉండాలి. పార, తట్ట, కంటిచూపు తప్ప యంత్రాలేం లేవు. దాదాపు 280 ఏళ్ల తర్వాత కూడా ఆ గట్టు అంచు తాడు పట్టి గీసినట్టే ఉంది. ఒక గట్టు రెండు వానాకాలాలు నిలవడమే ఎంత కష్టమో తెలిసినవాడు కాబట్టే మా బాబాయి పూలమొక్కల్ని వదిలేసి అక్కడ నిలబడిపోయాడు.

ఆ నైపుణ్యం ఎక్కడిది? యూరప్ నుంచి వచ్చిన దొరలకి వరి తెలియదు. పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్ నుంచి సియెర్రా లియోన్ దాకా ఉన్న తీరంలో మాత్రం శతాబ్దాలుగా వరి పండించేవారు, ఉప్పునీటి మడ అడవులకి గట్లు కట్టి మరీ. ఆ తీరం నుంచి పట్టుకొచ్చిన మనుషులకి చార్ల్స్‌టన్ సంతలో గిరాకీ ఉండేది. 1708 నాటికే సౌత్ కరోలైనాలో నల్లవాళ్ల సంఖ్య తెల్లవాళ్లని మించిపోయింది. వరి సాగులో ఎంత భాగం ఆఫ్రికన్ల జ్ఞానం, ఎంత భాగం దొరల పెట్టుబడి, ప్రయోగాలు అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పనిముట్ల విషయంలో మాత్రం పెద్ద వాదన అక్కర్లేదు. చెక్క రోలు, రెండు కొసలా దంచగలిగే రోకలి, గడ్డిని చుట్టలు చుట్టలుగా కుట్టిన చేట, ఇవన్నీ ఆఫ్రికా నుంచి వచ్చినవే. ఆ గడ్డి బుట్టలు ఇప్పటికీ చార్ల్స్‌టన్ బజారులో గల్లా-గీచీ ఆడవాళ్లు, అంటే ఈ తీరంలో ఆ బానిసల వారసులు, అల్లి అమ్ముతున్నారు. రేటు చూసి మనవాళ్లు నోరెళ్లబెడతారు. ఒక పెద్ద బుట్ట వెనక ఎన్ని రోజుల పని ఉంటుందో అడిగితే బేరం ఆడబుద్ధి కాదు.

పని పద్ధతి కూడా తెలుసుకోవాలి. పత్తి పొలాల్లో తెల్లారి నుంచి పొద్దుగూకే దాకా గుంపుగా పనిచేయించేవారు. వరి నేలల్లో 'టాస్క్' పద్ధతి: మనిషికి రోజుకింత అని, మామూలుగా పావు ఎకరం, కొలిచి ఇచ్చేవారు. అది పూర్తయితే మిగిలిన పొద్దు తనది, ఆ పొద్దులో తన కూరగాయలు పెంచుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు. వినడానికి మన గుత్త పనిలా ఉంటుంది. మోకాలి లోతు బురదలో, పాముల మధ్య, ముసలితల్లి వాటా కూడా తనే పూర్తిచేసుకోవాల్సి వచ్చిన రోజున ఆ 'మిగిలిన పొద్దు' ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇంకో చిక్కు ఋతువులది. ఈ తోటకి పేరు తెచ్చిన పువ్వులు ఎండాకాలంలో పూయవు. కమేలియాలు చలికాలంలో పూస్తాయి, జనవరి, ఫిబ్రవరిల్లో నిండుగా. అజేలియాలు మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో. తోట యజమాని ఎండాకాలం పువ్వులు ఎందుకు కోరుకోలేదు? కోరుకున్నా చూడటానికి ఉండేవాడు కాదు. వరి మడుల నీళ్లలో దోమలు, దోమలతో మలేరియా. మే నెల వచ్చిందంటే దొరల కుటుంబాలు చార్ల్స్‌టన్‌కో, ఉత్తరాదికో వెళ్లిపోయి, మొదటి మంచు పడ్డాక తిరిగొచ్చేవి. బానిసలు మాత్రం అక్కడే ఉండాలి, పంట సీజన్ కూడా సరిగ్గా అప్పుడే. వాళ్లలో కొందరికి పుట్టుకతో మలేరియాని కొంత తట్టుకునే శక్తి ఉండటాన్ని దొరలు 'వీళ్లు ఈ నేలకే పుట్టారు' అని సమర్థించుకోవడానికి వాడుకున్నారు. చిన్నపిల్లలు రాలిపోతూనే ఉన్నారు. తోట చలికాలం కోసం, పొలం ఎండాకాలం కోసం. మొక్కల క్యాలెండరు చూస్తే ఎవరు ఎప్పుడు ఎక్కడున్నారో తెలిసిపోతుంది.

మొక్కల గురించి రెండు ముక్కలు. ఫ్రాన్స్ రాజు 16వ లూయీ పంపిన వృక్షశాస్త్రవేత్త ఆంద్రే మిషో 1780ల చివర్లో చార్ల్స్‌టన్ దగ్గర నర్సరీ పెట్టాడు. అతనే మిడిల్టన్లకి కమేలియాలు ఇచ్చాడని, వాటిలో ఒకటి ఇప్పటికీ బతికి ఉందని తోటవాళ్లు గర్వంగా చూపిస్తారు. అజేలియాల్లో 'ఇండికా' రకం అని బోర్డు కనబడితే మనవి అని మురిసిపోకండి, వాటి పుట్టిళ్లు జపాన్, చైనా. తూర్పు నుంచి ఓడెక్కి వచ్చిందల్లా అప్పట్లో యూరప్ వాళ్లకి 'ఇండియా' సరుకే. ఓక్ చెట్ల నిండా బూడిదరంగు గడ్డాల్లా వేలాడే 'స్పానిష్ మాస్' కూడా అంతే: అది స్పెయిన్‌దీ కాదు, నాచూ కాదు. అనాస కుటుంబానికి చెందిన మొక్క.

1865 ఫిబ్రవరి 22న ఉత్తరాది సైన్యం వచ్చి బంగళాని తగలబెట్టింది. ఇక్కడ మనకి తమాషాగా అనిపించే సంగతి ఒకటుంది. మిడిల్టన్ల దగ్గర గేదెలుండేవి. అమెరికాలో అప్పటికి గేదె అంటే వింత జంతువే. వరి బురదలో దున్నడానికి పనికొస్తాయని తెప్పించారు. సైనికులు అయిదింటిని కోసుకు తిన్నారని, ఆరింటిని తోలుకుపోయారని, ఆ ఆరూ తర్వాత న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో తేలాయని కథనం. ఇప్పుడు కూడా ఎస్టేట్‌లో గేదెలున్నాయి. అమెరికా పిల్లలు ఫొటోలు తీసుకుంటుంటే మా బాబాయి మొహం చూడాలి.

కాలిన గోడలు ఇంకో 21 ఏళ్లు నిలబడ్డాయి. 1886 ఆగస్టు 31 రాత్రి చార్ల్స్‌టన్ భూకంపంలో అవీ పడిపోయాయి. దక్షిణం వైపు అతిథి గృహం ఒక్కటే మిగిలింది. 1755లో కట్టిన ఆ ఇల్లే ఇప్పుడు మ్యూజియం. ఆ తర్వాత తోట దశాబ్దాలపాటు పిచ్చిమొక్కలతో మూసుకుపోయింది. 1920ల్లో ఆ కుటుంబానికి వారసుడైన ప్రింగిల్ స్మిత్, అతని భార్య హెనింగమ్ దాన్ని మళ్లీ తవ్వి తీశారు. కాబట్టి ఈ రోజు కళ్లు జిగేల్మనిపించే పూలలో చాలావరకు 20వ శతాబ్దంలో నాటినవే. 1741 నాటిది కావాలంటే పూల మీంచి చూపు తిప్పి గీతల్ని, మెట్లని, చెరువుల్ని చూడాలి. మట్టిపని కాలిపోదు.

1865 తర్వాత సంగతి ఎలైజా ఇంట్లో ఉంది. విముక్తి పొందిన వాళ్ల కోసం 1870ల ప్రాంతంలో కట్టిన రెండు వాటాల చెక్క ఇల్లు. అందులో చివరిదాకా ఉన్న ఎలైజా లీచ్ అనే ఆవిడ పేరే దానికి పెట్టారు. గదిలో నిలబడితే రెండు చేతులు చాపినా గోడలు దగ్గరే అనిపిస్తాయి. ఇక్కడి ప్రదర్శనలో మిడిల్టన్ల కింద ఉన్న బానిసల పేర్లు, పాత లెక్కల పుస్తకాల్లోంచి ఏరినవి, వరసగా రాసి ఉంటాయి. వందలు కాదు, వేలు. చాలావాటికి ఇంటిపేరు లేదు, పక్కన ధర ఉంటుంది. జనం ఇక్కడ రెండు నిమిషాలుండి గేదెల దగ్గరికి వెళ్లిపోతారు. నాకైతే ఈ ఎస్టేట్‌లో ఎక్కువసేపు నిలబడాల్సిన గది ఇదే.

దీనికి ముడిపడిన గొడవ పెళ్లిళ్లది. ప్లాంటేషన్లలో పెళ్లి చేసుకోవడం అమెరికాలో పెద్ద వ్యాపారం. 2019 చివర్లో 'కలర్ ఆఫ్ ఛేంజ్' అనే పౌరహక్కుల సంస్థ అడిగాక, ఫొటోలు పంచుకునే వెబ్‌సైట్ పింటరెస్ట్ ఇలాంటి పెళ్లిళ్ల ప్రచారాన్ని తగ్గిస్తామంది. మనవాళ్లలో కూడా ప్రీ-వెడ్డింగ్ షూట్‌లకి ఓక్ చెట్ల కింద పట్టుచీరలు రెపరెపలాడటం చూస్తున్నాం. ఎస్టేట్ల వాదన ఏమిటంటే, ఆ డబ్బే లేకపోతే మరమ్మతులుండవు, చరిత్ర చెప్పే గైడ్లూ ఉండరు. ఆ వాదనలో నిజం ఉంది. అయినా నా పెళ్లి ఫొటో వెనక ఏముందో తెలిశాక నేనైతే అక్కడ నవ్వుతూ నిలబడలేను.

వెళ్లేవాళ్లకి నా సలహా. ముందు ఎలైజా ఇల్లు చూడండి, తర్వాత వరి మిల్లు, ఆఖర్న పూలతోట. గేటు దగ్గర ఇచ్చే మ్యాప్ మిమ్మల్ని వేరే వరసలో లాగుతుంది, పట్టించుకోకండి. బానిసత్వం మీద గైడ్‌తో నడిచే టూర్ ఉంటే వదలొద్దు. మ్యూజియం ఇంట్లో వెండి గిన్నెలు, చిత్తరువులు ఇష్టమైతేనే టైం పెట్టండి. అయిదారు గంటలు చేతిలో ఉంచుకోండి. పెద్దవాళ్లతో వెళ్తే నడక ఎక్కువని ముందే చెప్పండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఉక్క, దోమలు, నీళ్లలో మొసళ్లు. గట్టు అంచున పిల్లల్ని వదలకండి. తోట కోసం వస్తే మార్చి చివరి వారం మంచిది, నేల కోసం వస్తే ఆకులు పల్చబడే జనవరి ఇంకా మంచిది.

తీరిక ఉంటే మర్నాడు ఇంకో గంట దక్షిణానికి వెళ్లండి. ఆషెపూ, కాంబహీ, ఎడిస్టో నదులు సముద్రంలో కలిసే చోట, డొనెల్లీ అనే వన్యప్రాణుల రక్షిత ప్రాంతంలో పాత వరి మడులు ఇప్పుడు కొంగలకి, బాతులకి నెలవు. 1863 జూన్ 2న బానిసత్వం నుంచి తప్పించుకుని మిగతావాళ్లనీ విడిపించిన హారియట్ టబ్మన్ దారి చూపిస్తే, ఉత్తరాది పడవలు ఈ కాంబహీ నదిలోకి వచ్చి 700 మందికి పైగా బానిసల్ని ఒక్క రోజులో విడిపించుకుపోయాయి. మడుల్లో పని చేస్తున్నవాళ్లు పారలు అక్కడే పడేసి ఒడ్డుకి పరిగెత్తారు.

అక్కడ గట్టు మీద చెక్క తూము కనబడింది. వాళ్లు దాన్ని 'ట్రంక్' అంటారు, మొదట్లో బోలు చేసిన చెట్టు మాను వాడేవారట, అందుకా పేరు. మా బాబాయి గట్టు దిగి, దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. "రెండు పక్కలా తలుపులెందుకురా దీనికి?" అన్నాడు. మన తూముకి ఒక్కటే ఉంటుంది, నీళ్లు ఒకే వైపు నుంచి వస్తాయి కాబట్టి. ఇక్కడ నదిలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. మడికి నీళ్లు పెట్టాలంటే నదివైపు తలుపు పైకి లేపుతారు. పోటు వచ్చినప్పుడు నీళ్లు తోసుకొచ్చి లోపలి తలుపుని తెరుచుకుంటాయి, ఆటు మొదలవగానే మడిలో నీళ్లే ఆ తలుపుని మూసేస్తాయి. నీళ్లు తీసేయాలంటే ఇదంతా తిరగేసి. కాపలా మనిషి అక్కర్లేదు, ఇంజిన్ అక్కర్లేదు.

బాబాయి తలుపు మీద చెయ్యి పెట్టి, అది ఊగే కీలు దగ్గర వేళ్లతో తడిమాడు. ఆటు మొదలైనట్టుంది. చెక్క సన్నగా కిర్రుమని, నెమ్మదిగా మూసుకుంది.